మా ఆవిడకి చెప్పకండి

ఆ ఉదయం డ్రిల్లు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. బడి నుంచి పెద్ద మేడం, లెక్కల మాస్టారు తనను చూడటానికి వస్తున్నారు. వాళ్లు కూర్చున్నంతసేపూ ఏడవకుండా ఉండాలి. అంతే.

గుండె ఆపరేషన్ అయి నెల కావస్తోంది. ఛాతీ మీద కోత మానింది, ఆకలి పుడుతోంది, వరండా ఈ చివర నుంచి ఆ చివరికి ఆయాసం లేకుండా నడుస్తున్నారు. కానీ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఉత్తిపుణ్యానికి ఏడుపు తన్నుకొస్తోంది. సబ్బు ప్రకటనలో తల్లి పిల్లాడి చొక్కా ఉతికితే ఏడుపు. వాతావరణ వార్తల్లో రేపు ఎండ కాస్తుందంటే ఏడుపు. కూతురి పెళ్లిలో అందరూ ముక్కులు చీదుతుంటే, వెనకాల కుర్చీలు వంకరగా ఉన్నాయని సర్దించిన మనిషాయన! దగ్గు వచ్చినప్పుడు గుండెకి అదుముకోమని ఆసుపత్రివాళ్లు ఇచ్చిన దిండులో మొహం దాచుకుని కానిచ్చేవారు. ఏమైందని భార్య అడిగితే "దగ్గు" అనేవారు.

ఆవిడ పోస్టాఫీసులో కౌంటరు గుమాస్తా. సెలవు అయిపోయి ఆరోజే మళ్లీ డ్యూటీలో చేరుతోంది.

"ఫ్లాస్కులో టీ పోసి పెట్టాను. బరువులెత్తకూడదన్నారు, బకెట్టు జోలికి మాత్రం వెళ్లకండి. నీరసంగా ఉంటే వాళ్లని ఇంకో రోజు రమ్మంటాను."

"నాకేం? రాయిలా ఉన్నాను. నువ్వెళ్లు," అన్నారు మాస్టారు. ఆవిడ గేటు దాటుతూ వెనక్కి చూస్తే, మళ్లీ దిండు అందుకున్నారు.

అతిథులు వచ్చారు. మొదట్లో అంతా సజావుగానే సాగింది. "ఎలా ఉన్నారు మాస్టారూ?" అంటే "బ్రహ్మాండం!" అని గదంతా దద్దరిల్లేలా చెప్పారు. ఇక బయటపడ్డట్టేననుకుంటుండగా లెక్కల మాస్టారు టీ గుటక వేసి, మాట వరసకి అన్నాడు:

"మీరు లేకపోయేసరికి గ్రౌండంతా గడ్డి పెరిగిపోయిందండీ."

గడ్డి! ఆ మాట మాస్టారి గొంతులో ఎక్కడో గుచ్చుకుంది. దిండు అందేలోపే కళ్లు రెండూ ధారలు కట్టాయి.

మేడం కప్పు కింద పెట్టేసింది. "మాస్టారూ! డాక్టరు ఏమన్నారు?"

నోరు పెగలక ఆయన చెయ్యి గాల్లో తిప్పారు. ఏం లేదు, అంతా బాగానే ఉందని ఆయన ఉద్దేశం. ఏం లాభం లేదని వాళ్లకి అర్థమైంది.

"ఇంట్లో ఆవిడకి తెలుసా?" అంది మేడం గుసగుసగా.

ఆయన తల అడ్డంగా ఊపారు. "మా ఆవిడకి చెప్పకండి. మీకు దణ్ణం పెడతాను. ఎన్నాళ్లో ఉండదు లెండి."

ఏడుపు సంగతే ఆయన చెప్పింది. వాళ్లిద్దరూ మాత్రం లేచి, చప్పుడు కాకుండా చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. వివరాలు అడక్కుండానే అర్థం చేసుకునే మనుషులు దొరకడం అదృష్టమనుకుని, మాస్టారు హాయిగా నిద్రపోయారు.

లెక్కల మాస్టారు ఉండేది మాస్టారి అక్కయ్య వీధిలోనే. భార్యకి చెప్పవద్దన్నారు గానీ అక్కకి చెప్పవద్దనలేదు కదా అని లెక్క వేసుకుని, ఫోను చేసి "గుండె రాయి చేసుకోండి" అన్నాడు. అక్కయ్యకి గుండె రాయి చేసుకునే అలవాటు లేదు. పోస్టాఫీసుకి పరుగెత్తి, క్యూ అంతా తోసుకుని, కౌంటరు కమ్మీలు పట్టుకుని ఘొల్లుమంది.

"నీకు చెప్పొద్దన్నాట్టే వాడు! ఆఖరి రోజుల్లో కూడా నిన్ను కష్టపెట్టకూడదని!"

"ఎవరి ఆఖరి రోజులు వదినా?" అంది భార్య. జవాబు వినకముందే లేచి నిలబడింది.

అక్కడ బడిలో పెద్ద మేడం పిల్లల్ని సమావేశపరిచింది. "మన డ్రిల్లు మాస్టారు..." అని మొదలుపెట్టి, కొంగు నోట్లో కుక్కుకుంది. మిగతాది పిల్లలే పూర్తి చేసుకున్నారు. పై తరగతులవాళ్లు ఆయన్ని చూసి తీరాలన్నారు. మేడం కాదనలేకపోయింది.

మాస్టారికి మెలకువ వచ్చింది చప్పుడుకి కాదు, చప్పుడు లేకపోవడానికి. కిటికీ తెర తీసి చూస్తే వీధిలో బడి నిలబడి ఉంది. రెండు వరుసలు. నూలు పట్టి కొలిచినట్టున్నాయి. భుజానికి భుజం, మడమకి మడమ. ఇన్నేళ్లు గొంతు చించుకున్నా ఒక్కనాడూ రాని వరుస అది. ఆయన బావురుమన్నారు.

సరిగ్గా అప్పుడే ఆటో ఆగింది. అక్కయ్యని వెంటబెట్టుకుని భార్య దిగింది. మౌనంగా నిలబడ్డ పిల్లల్ని చూసింది, కళ్లు తుడుచుకుంటున్న మేడంని, లెక్కల మాస్టారిని చూసింది. ఇక ఎవరినీ ఏమీ అడగలేదు. గేటు పట్టుకుని అలాగే నేల మీద కూలబడిపోయింది.

మాస్టారు దిండు పట్టుకుని గడప దాటారు. ఆయన్ని చూసి పిల్లలు "ఆఁ!" అన్నారు. భార్య తలెత్తింది. పోస్టాఫీసు ముద్ర ఇంకా ఆవిడ గుప్పిట్లోనే ఉంది. చీరంతా నల్ల సిరా.

"ఏం దాచారు నా దగ్గర? చెప్పండి!"

చెప్పక తప్పలేదు. అక్క ముందు, మేడం ముందు, వీధి నిండా ఉన్న పిల్లల ముందు.

"ఏం లేదే. ఏడుపొస్తోంది. ఊరికే. సబ్బు చూసినా వస్తోంది."

పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. వరుస చెదిరింది.

"మరి డాక్టరు ఏమన్నారంటే చెయ్యి తిప్పేశారుగా?" అంది మేడం నీరసంగా.

"రెండుసార్లు తిప్పారు," అన్నాడు లెక్కల మాస్టారు. అక్కయ్య మాత్రం ఇంకా ఏడుస్తూనే ఉంది. అంత ఏడుపు ఒక్కసారిగా ఆపాలంటే ఎవరివల్ల అవుతుంది?

భార్య లేచి చీర దులుపుకుంది. "అదా దాచింది? ఈ ఆపరేషన్ అయినవాళ్లు చాలామంది అలా ఏడుస్తారని, కొన్నాళ్లకి తగ్గిపోతుందని డాక్టరుగారు ఇంటికి పంపేటప్పుడే నాకు చెప్పారు. రోజూ తడిసిన ఆ దిండు గలీబు మారుస్తున్నది ఎవరనుకున్నారు? మీకు నామోషీగా ఉంటుందని తెలియనట్టు ఊరుకున్నాను."

మాస్టారు ఆవిడ చేతుల వంక చూశారు. సిరా అంటిన ఆ వేళ్లు పోస్టాఫీసు ముద్రని ఇంకా వదల్లేదు. అంతమంది ముందు ఏడ్చినందుకు పడ్డ సిగ్గు ఈ సిగ్గు ముందు ఏపాటిది? ఆవిడ గేటు దగ్గర కూలబడిన కాసేపూ ఆయన చచ్చిపోయినట్టే లెక్క. తన పరువు కాపాడుకోవడానికి, కట్టుకున్నదానికి ఆ కాసేపూ తన చావు చూపించారు.

"తప్పయిపోయిందే," అన్నారు. అది కూడా దిండులోకే అన్నారు.

ఆవిడ లోపలికి వెళ్లి, చీర నానబెట్టింది. ఆ తర్వాత మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ మాస్టారు ఏడ్చిన ఏడుపుకి మాత్రం ఆపరేషన్‌తో ఏ సంబంధమూ లేదు.