పచ్చచుక్క తొలి బుస

ఆ ఆదివారం ఉదయం బైండరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి నీలంచుక్కను గాజుసీసాలోకి మార్చాలి. ఎర్రచుక్కకూ పచ్చచుక్కకూ రెండు గంటల ఏకాంతం కల్పించి, జరిగింది జరిగినట్టు నోటుపుస్తకంలో రాసుకోవాలి. పన్నెండింటికల్లా ముగ్గుర్నీ స్నేహితుడి ఇంటికి చేర్చేయాలి. ఎందుకంటే సాయంత్రం బస్సుకు అత్తగారు వస్తున్నారు.

చుక్కలంటే బొద్దింకలు. బొటనవేలంత పొడుగు, రెక్కల్లేవు, కోపమొచ్చినా ప్రేమొచ్చినా బుస కొడతాయి. ఒక బడివాళ్ళు ప్రయోగశాల ఖాళీ చేస్తూ పారేయబోతుంటే, రిజిస్టర్లు కుట్టడానికి వెళ్ళిన బైండరు అడిగి తెచ్చుకున్నాడు. పగలంతా బొద్దింకలు కొరికిన పుస్తకాలకు కొత్త అట్టలు వేసి, ఇంటికొచ్చి బొద్దింకలకు క్యారెట్ ముక్కలు తినిపించే మనిషి ఊరు మొత్తానికి అతనొక్కడే. గుర్తుపట్టడానికి వాటి వీపుల మీద భార్య గోళ్ళరంగుతో చుక్కలు పెట్టాడు. ఆవిడ గోళ్ళరంగు పోయినందుకు ఏమీ అనలేదు. ఒక్క షరతు మాత్రం పెట్టింది.

"మా అమ్మకి పురుగంటే చచ్చేంత భయం. అమ్మ కంటబడిన రోజు ఇవి ఇంట్లో ఉండవు, చెప్తున్నా."

నాలుగు నెలలుగా నీలంచుక్క, అవి ఉండే గాజుతొట్టెలో రౌడీయిజం చెలాయిస్తున్నాడు. పచ్చచుక్క ఎర్రచుక్క వైపు రెండడుగులు వేస్తే చాలు, తల వంచి కుమ్మి మూలకు తోసేసేవాడు. ఎర్రచుక్క ఇద్దరినీ పట్టించుకోకుండా క్యారెట్ తినేది. పచ్చచుక్క ఒక్కసారి కూడా బుస కొట్టలేదు. పెళ్ళికి ముందు మూడేళ్ళు నోరు విప్పలేక తిరిగిన బైండరుకు వాణ్ణి చూస్తే తన పాత రోజులే గుర్తొచ్చేవి.

పదీ నలభై కావస్తుండగా పచ్చచుక్క ధైర్యం చేసి మీసంతో ఎర్రచుక్క మీసాన్ని తాకాడు. సరిగ్గా అప్పుడే కాలింగ్ బెల్ మోగింది.

"పక్కింటివాళ్ళు కార్లో వస్తుంటే ఎక్కేశానమ్మా!" అత్తగారి గొంతు.

బైండరు తొట్టె మీద శాలువా కప్పేసి దానికి అడ్డంగా నిలబడ్డాడు. అత్తగారు బ్యాగుతో సహా నేరుగా ఆ గదిలోకే వచ్చారు. నాలుగు నెలల మౌనం వీడటానికి పచ్చచుక్క ఆ క్షణాన్నే ఎంచుకున్నాడు.

"బుస్స్స్స్..."

ఆవిడ ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసిన మనిషి. పాము చెవులు. "అల్లుడుగారూ, ఏంటా చప్పుడు?"

"అదా... గ్యాసేమో అత్తయ్యగారూ. వంటింట్లో పైపు కాస్త లీకవుతున్నట్టుంది."

ఆవిణ్ణి వంటింటివైపు మళ్ళిస్తే చాలనుకున్నాడు పాపం. ఆవిడ ఫోనువైపు మళ్ళారు.

"హలో, ఫైర్ స్టేషనా? రెండో అంతస్తు, గ్యాస్ లీకు. నా చెవులారా విన్నాను. రాసుకున్నారా? ఏదీ, ఒకసారి చదవండి."

"అమ్మా, ఒక్క నిమిషం ఆగు!" అంటూ భార్య వెంటపడింది. అత్తగారు అప్పటికే మెట్లు దిగుతూ తలుపులన్నీ బాదుతున్నారు. "ఎవరూ స్విచ్చులు ముట్టుకోకండి! పొయ్యిలు వెలిగించకండి! బయటికి రండి!"

కింది ఇంటి రిటైర్డ్ టైపిస్టు టీ పెట్టుకోబోతూ అగ్గిపెట్టె చేత్తో పట్టుకునే వీధిలోకి వచ్చేసింది. అందరికంటే ఆఖరున శాలువా కప్పిన తొట్టెతో బైండరు దిగాడు.

"నా బ్యాగు పైనే ఉంది. మీరు మాత్రం ఏదో పెట్టె మోసుకొచ్చారు!" అన్నారు అత్తగారు.

ఫైర్ ఇంజను వచ్చింది. ఆఫీసరు పైకెళ్ళి మీటరు పెట్టి చూసి దిగొచ్చాడు. "మీ ఇంట్లో చుక్క గ్యాస్ లీకు లేదు. చప్పుడు విన్నదెవరు?"

"బుస్స్స్స్..." అంది శాలువా.

ఆఫీసరు శాలువా లాగేశాడు. వీధి వీధంతా తొట్టెలోకి చూసింది. అత్తగారు కెవ్వుమని మూడడుగులు వెనక్కి గెంతారు.

"ఇదా మీ గ్యాసు? తప్పుడు ఫోను చేస్తే కేసవుతుంది, తెలుసా?"

"తప్పు నాదండీ," అన్నాడు బైండరు. "ఆవిడకి నేనే అబద్ధం చెప్పాను. రాసుకుంటే నా పేరు రాసుకోండి." భార్య వైపు చూసే ధైర్యం లేకపోయింది. పచ్చచుక్కకు నోరొచ్చిన రోజే వాడి ఇల్లు పోతోందని దిగులేసింది.

అయితే ఒక ఇంటికి పిలిస్తే ఆ భవనంలోని ఇళ్ళన్నీ చూసి తీరాలన్నది ఫైరువాళ్ళ పద్ధతి. కింది ఇంట్లోంచి ఒక జవాను పరిగెత్తుకొచ్చాడు.

"సార్! ఇక్కడ మీటరు ఆగకుండా మోగుతోంది! సిలిండరు ట్యూబు చీలింది, వంటింటి నిండా గ్యాసే!"

టైపిస్టు చేతిలోని అగ్గిపెట్టె వంక చూసుకుంది. "పోయినేడాది జ్వరమొచ్చినప్పట్నుంచి నాకు వాసన తెలీదు," అంటూ మెట్టు మీద కూలబడి అత్తగారి రెండు చేతులూ పట్టుకుంది. "మీరు తలుపు కొట్టకపోయుంటే అమ్మా..."

ఆఫీసరు కేసు మాట మళ్ళీ ఎత్తలేదు. అత్తగారు వచ్చినప్పుడల్లా బైండరు ఏ చెవులకు భయపడి గుసగుసగా మాట్లాడేవాడో, ఆ చెవులకు ఇప్పుడు చేతులెత్తి మొక్కాలనిపించింది.

"మీరు వినబట్టే అత్తయ్యగారూ," అన్నాడు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, మూడడుగుల దూరం నుంచే తొట్టెలోకి మెడ చాచారు. "బుస కొట్టింది వీళ్ళలో ఎవరు?"

"పచ్చచుక్కండీ."

"ఎవరి మీద కోపం?"

"కోపం కాదండీ. ఆ అమ్మాయిని అడుగుతున్నాడు."

"ఏమందట?"

"ఇంకా ఏం చెప్పలేదండీ."

"మంచివాడల్లే ఉన్నాడు," అన్నారు అత్తగారు. పైన సీసాలో ఉన్న నీలంచుక్క సంగతి విన్నాక, ఆ రౌడీని తను ఉన్నన్నాళ్ళూ బయటికి వదలొద్దని ఆజ్ఞాపించారు. తొట్టె హాల్లోకి మారింది. దానికి మూడడుగుల దూరంలో ఆవిడ కుర్చీ పడింది. సాయంత్రం టైపిస్టు ఒక క్యారెట్ తెచ్చి, తన చేత్తోనే పచ్చచుక్క ముందు పెట్టి, చాలాసేపు అక్కడే కూర్చుంది.

భార్య కొత్త గోళ్ళరంగు సీసా తెచ్చి బైండరు చేతిలో పెట్టింది. "వాడి చుక్క చెరిగిపోతోంది, మళ్ళీ పెట్టండి." అతను చుక్క పెట్టి, నోటుపుస్తకం తీసి ఆనాటి పరిశీలన పూర్తిచేశాడు.

"10.40: పచ్చచుక్క తొలి బుస. భవనమంతా కదిలింది. ఎర్రచుక్క కదల్లేదు."