సీసాని వేలితో తోసే వైద్యం

కంప్యూటరు రాకముందు తాగుడు మాన్పించే పద్ధతులు ఎంత మొరటుగా ఉండేవో తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది. భార్య ఏడ్చేది. తల్లి ఒట్టు వేయించుకునేది. అన్నదమ్ములు చుట్టూ కూర్చుని బుద్ధి చెప్పేవారు. చెప్పీ చెప్పీ గొంతు తడారిపోయి, వాళ్లలో ఇద్దరు ఆ తడి కోసమే బయటికి వెళ్లేవారు. ఇదేం వైద్యమండీ!

ఇప్పుడా బాధ లేదు. ఫోన్ తీయండి. తెరమీద బొమ్మలు వస్తాయి. సీసా బొమ్మ వస్తే వేలితో పైకి తోసెయ్యాలి. అది చిన్నదైపోయి మాయమవుతుంది. మంచినీళ్ల గ్లాసో, పళ్లరసమో వస్తే కిందికి, అంటే మనవైపు లాక్కోవాలి. అది పెద్దదవుతుంది. ఇలా రోజూ తోస్తూ, లాగుతూ ఉంటే మెదడుకి అలవాటై, నిజం సీసా కనిపించినా చెయ్యి దానంతటదే వద్దంటుందట. మధ్యమధ్య జ్ఞాపకశక్తికి పేకముక్కలు తిప్పే ఆట, ఏకాగ్రతకి ఈదే చేపల్ని లెక్కపెట్టే ఆట. అన్నీ అయ్యాక స్కోరు. ఏడుపుల్లో ఎవరికైనా స్కోరు వచ్చిందా ఎప్పుడైనా?

మా బావగారి విషయంలో ఈ వైద్యం అద్భుతాలు చేసింది. మీరు నమ్మరని తెలిసే ఇంత వివరంగా రాస్తున్నాను.

బావది కళ్లద్దాల షాపు. వీధిలో అందరికీ చూపు పరీక్ష చేసేది ఆయనే. సాయంత్రమయ్యేసరికి గోడమీది అక్షరాల బోర్డు ఆయనకే రెండుగా కనబడేది. వచ్చినవాళ్లని ఏ అక్షరం కనిపిస్తోందని అడిగేవారు. వాళ్లు చెబితే, మరి దాని పక్క బోర్డులోదో అని అడిగేవారు. పక్కన ఉత్త గోడ ఉండేది. పాపం, చూపు బాగున్నవాళ్లు కూడా భయపడి అద్దాలు కొనుక్కునేవారు.

ఆయన మత్తు దిగేదాకా షాపు చూసుకునేది మా అక్క. అద్దాలు బిగించడం, ఫ్రేములు వంచి సరిచేయడం, కస్టమర్లకి ఫోన్ చేసి ఆయనకి జ్వరమని చెప్పడం, అన్నీ ఆవిడ డిపార్ట్‌మెంటే. బావకి రాని జ్వరం లేదు. వాటిలో కొన్ని వైద్యశాస్త్రానికి ఇంకా తెలియవు.

చివరికి విసిగిపోయి అక్క ఆయన్ని డీఅడిక్షన్ సెంటర్‌కి లాక్కెళ్లింది. తోడు నేనూ వెళ్లాను. ఎంత నాజూగ్గా ఉందో ఆ సెంటరు! వెనకటికి అక్కడొక కౌన్సెలర్ ఉండేదట. ఎందుకు తాగుతున్నారు, ఇంట్లో ఎలా ఉంది అని అడిగేదట. పరాయివాళ్లని అంతంత మాటలు అడగొచ్చా? ఇప్పుడా గదిలో ఏసీ పెట్టి సర్వర్లు పెట్టారు. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. డాక్టరుగారు బావ మొహం చూడకుండానే బావ ఫోన్‌లో ఆట ఎక్కించారు. రోజూ ఇంటి దగ్గర ఆడాలి, స్కోరు దానంతటదే సెంటర్‌కి చేరుతుంది, ఒక్కరోజు చేరకపోయినా పేరు తీసేసి సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామని చెప్పారు. బావ బుద్ధిగా తలూపారు. తలూపడంలో ఆయన ఎప్పుడూ వెనకాడరు.

ఇక చూడండి! కొద్దిరోజుల్లోనే బావ స్కోరు ఆకాశాన్నంటింది. సీసా ఇలా వస్తే అలా ఎగిరిపోయేదట. చేపల్లో ఒక్కటి తప్పించుకుంటే ఒట్టు. సెంటర్ నుంచి అభినందనల మెసేజీలే మెసేజీలు. విచిత్రం ఏమిటంటే, స్కోరుతోపాటు బావ తాగుడు కూడా పెరిగింది! స్కోరు చూసుకున్న ఆనందంలో ఆయన ఇంకో పెగ్గు పుచ్చుకునేవారు. సైన్సులో మనకి అర్థంకానివి ఎన్ని లేవు?

ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆ సైన్సు నాకు అర్థమైంది. బావ సోఫాలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. అక్క వంటింట్లో ఒక చేత్తో గరిట తిప్పుతూ, రెండో చేతి వేలితో బావ ఫోన్‌లో సీసాలు తోస్తోంది. ఇదేంటక్కా అన్నాను.

"ఆయనకి ఓపిక లేదురా. స్కోరు వెళ్లకపోతే పేరు కొట్టేస్తారుగా" అంది, చేపల మీంచి చూపు తిప్పకుండా.

అదీ సంగతి! మందు వాసనే పడని మా అక్క, తాగుడు మానడంలో ఆ సెంటర్లో అందర్నీ మించిపోయింది. వైద్యం పనిచేయలేదని ఎవరన్నారు? బ్రహ్మాండంగా పనిచేసింది! కిరాణా కొట్లో ఫినాయిల్ సీసా కనిపిస్తే చాలు, అక్క చెయ్యి దాన్ని తోసేసేది. ఇంట్లో తలనూనె, దగ్గుమందు, తేనె, ఒక్కొక్కటే బల్ల మీంచి కిందపడి పగిలాయి. పక్కింటి పసివాడు పాలసీసా నోట్లో పెట్టుకోబోతే ఎంత వేగంగా తోసిందంటే, వాడు కాసేపు ఏడవడం కూడా మర్చిపోయాడు. ఏకాగ్రత పెరిగి, మూడు గదుల అవతల మూత తిప్పిన చప్పుడు కూడా వినపడేది ఆవిడకి. ఇక జ్ఞాపకశక్తి! పెళ్లయినప్పటినుంచి బావ ఆడిన అబద్ధాలన్నీ, ఏ చొక్కా వేసుకుని ఏ అబద్ధం ఆడారో దాంతో సహా గుర్తొచ్చాయి. ఒక వైద్యం నుంచి ఇంతకంటే ఏం కావాలండీ?

బావకి మాత్రం ఏం తక్కువైంది? ఆయన ఉత్తమ పేషెంటుగా ఎంపికయ్యారు!

సెంటర్లో పొద్దున్నే సభ పెట్టారు. కొత్తగా చేరినవాళ్లూ, వాళ్ల ఇంటివాళ్లూ వచ్చి కూర్చున్నారు. డాక్టరుగారు బావని తెగ పొగిడి, ఆయన ఫోన్‌ని పెద్ద తెరకి కలిపి ఒకసారి ఆడి చూపించమన్నారు. ఇస్త్రీ చొక్కాలో బావ లేచారు. తెరమీద సీసా వచ్చింది. బావ దాన్ని ప్రేమగా తనవైపు లాక్కున్నారు. సీసా గోడంత అయింది. తర్వాత మంచినీళ్ల గ్లాసు వచ్చింది. దాన్ని కనిపించకుండా తోసేశారు. చేపలు వచ్చాయి, వెళ్లాయి. బావ వాటికి దారిచ్చి మర్యాదగా నిలబడ్డారు.

సెట్టింగులో ఏదో తేడా ఉందన్నారు డాక్టరుగారు. అంతలో ఆయన చూపు నా పక్కనున్న అక్క మీద పడింది. అక్క వేలు ఆవిడ మోకాలి మీద చకచకా కదులుతోంది, ఒక్క సీసా కూడా తప్పిపోకుండా. ఆయనకి విషయం తెలిసిపోయింది. కోప్పడతారనుకున్నాను. ఎందుకు కోప్పడతారు, పరిష్కారం దగ్గరే ఉండగా? రేపటినుంచి అక్క రోజూ బావని లేపి, మొహం కడిగించి, పక్కన కూర్చుని, అవసరమైతే వేలు పట్టుకుని ఆడించాలట. దానిపేరు కుటుంబ సహకారమట!

సభంతా అక్కవైపు చూసింది. గండం గడిచినట్టు బావ కూడా అక్కవైపే చూశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

అక్క లేచి వెళ్లి, తెర దగ్గరున్న ఫోన్ తీసి బావ జేబులో పెట్టింది.

"నేను చేస్తే నాకే నయమవుతోందండీ. మీది మీరే చేసుకోండి" అంది. షాపు తెరవాలని చెప్పి వెళ్లిపోయింది.

బావ వరండాలో కుర్చీలో కూలబడ్డారు. పెద్ద తెరకి కలిపినప్పుడు ఏమైందో గానీ, ఆట మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతోంది. అదేమిటని బావ నన్నడిగారు. ఆయన వైద్యం పాస్‌వర్డ్ నాకేం తెలుసు? అటుగా పోతున్న డాక్టరుగారు, మేడమ్‌ని అడగండని చల్లగా చెప్పి వెళ్లిపోయారు. నిజం చెప్పొద్దూ, అక్కకి ఫోన్ చేద్దామని నా చెయ్యి కూడా జేబులోకి వెళ్లింది.

అందుకే సాఫ్ట్‌వేర్ నిపుణులకి నా మనవి. ఇంకొక్క ఆట తయారుచేయండి. తెరమీద పనిలో మునిగిన ఒక ఆడమనిషి బొమ్మ రావాలి. కష్టమొచ్చిన మొగుడూ, సలహాలిచ్చే డాక్టరూ, పక్కనే ఉన్న తమ్ముడూ, ముగ్గురూ ఆ బొమ్మని తమవైపు లాక్కోకుండా వేళ్లు ముడుచుకుని కూర్చోవాలి. ఎన్ని సెంటర్లు వెలిసినా ఈ వ్యసనానికి ఇంతవరకు మందు లేదు.

నేను చెయ్యి జేబులోంచి తీసేసి, అక్కని అడగొద్దు బావా అన్నాను. ఆయన మళ్లీ కొత్తగా పేరు నమోదు చేసుకోవడం మొదలుపెట్టారు. ఆడేది పేషెంటా, పేషెంటు బంధువా అని ఆట అడిగింది. బావ చాలాసేపు ఆలోచించారు. పేషెంటు అని నొక్కారు. తన వేలితోనే చివరిదాకా ఆడారు. అక్కణ్ణుంచి తిన్నగా షాపుకి వెళ్లి, ఫోన్ అక్క ముందు పెట్టి నిలబడ్డారు. స్కోరు సున్నా.

అక్క ఆ సున్నాని దగ్గరగా పెట్టుకుని చూసింది. తర్వాత ఆయన్ని చూసింది.

"అయితే ఇది మీరే ఆడారన్నమాట" అంది.