గిన్నెడు చెక్క పొడి

ఆదివారం పొద్దున్నే టైలరమ్మ ఒక గట్టి నిర్ణయం తీసుకుంది. ఇవాళ కుట్టుమిషను ముట్టుకోకూడదు, పిల్లలతో కూర్చుని పిండి ఆకులు చేయాలి. బయట చెట్ల ఆకులు ఎర్రబడి రాలుతున్నాయి. మైదాలో ఉప్పు, నీళ్ళు, దాల్చినచెక్క పొడి కలిపి, ఆకుల్లా కోసి, ఓవెన్‌లో సన్నసెగ మీద ఆరబెట్టి, దారాలతో కిటికీకి వేలాడదీస్తే చలికాలం దాకా ఇల్లంతా ఘుమఘుమలాడుతుందని, బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ఒకావిడ చెప్పింది.

నిజానికి టైలరమ్మకు కావలసింది ఘుమఘుమ కాదు. వడ్రంగిని పెళ్ళి చేసుకుని ఈ ఇంటికి వచ్చింది మొన్న వేసవిలోనే. అప్పటికే తల్లి లేని ఆడపిల్లలిద్దరున్నారు ఇంట్లో. "పిన్నీ అని పిలవండే" అని చుట్టాలు నేర్పి, తిని, వెళ్ళిపోయారు. పెద్దపిల్ల పిన్నీ అనలేదు, మరేమీ అనలేదు. నువ్వు అనాలో మీరు అనాలో కూడా తేల్చకుండా "నీళ్ళు కావాలి", "జడ ఊడిపోయింది", "బడికి టైమైంది" అంటూ గోడతో చెప్పినట్టు చెప్పేది. అక్క అనని మాట చిన్నదీ అనదు. రోజంతా ఏ పిలుపూ వినబడక, అసలు తను ఈ ఇంట్లో ఉన్నట్టా లేనట్టా అని టైలరమ్మకు అప్పుడప్పుడూ అనుమానం వచ్చేది. ఏదో ఒకటి పిలిస్తే చాలు, ఆఖరికి "ఇదిగో" అన్నా పలుకుదామనుకునేది.

సరే, తీరా చూస్తే డబ్బాలో దాల్చినచెక్క నిండుకుంది. వడ్రంగి ఆదివారమైనా దుకాణంలోనే ఉంటాడు, పక్కనే కిరాణా కొట్టు. ఆవిడ ఫోన్ చేసింది.

"ఏవండీ, గిన్నెడు చెక్క పొడి కావాలి. మెత్తగా ఉండాలి."

"చెక్క పొడా? దేనికీ?"

"పిల్లలకండీ. పెద్దదాన్ని పంపుతున్నా."

గిన్నెడు ఎవరైనా వాడతారా అని అడగకండి. పిల్లల మనసు గెలవాలనుకున్న మనిషికి చెంచాలు ఆనవు. ఇక వంటింట్లో నిలబడ్డవాళ్ళకు చెక్క అంటే ఒకటే, రంపం పట్టినవాడికి మరొకటి. వడ్రంగి కొత్త మొగుడు, రెండో ప్రశ్న వేయలేదు. తన పనిలోంచి ఇంటావిడ ఏదైనా కోరడం ఇదే మొదలని పొంగిపోయి, దేవదారు రంపపు పొట్టును పల్చటి గుడ్డలో జల్లించి, డబ్బాకెత్తి కూతురి చేతికిచ్చాడు.

చూడ్డానికి అదీ గోధుమరంగే. ఒక్కసారి వాసన చూసినా కథ అక్కడితో తీరిపోయేది. కానీ టైలరమ్మకు జలుబు చేసి ముక్కు దిబ్బడేసింది. డబ్బా మొత్తం పిండిలో కుమ్మరించింది.

"ఎలా ఉందర్రా వాసన?"

"నాన్న వాసనొస్తోంది" అంది చిన్నది.

"నాన్న పంపిందేగా మరి!"

పెద్దపిల్ల కూడా వంగి వాసన చూసి "అవును" అంది. గోడతో కాదు, ఆవిడతోనే. టైలరమ్మకు చేతుల్లోకి కొత్త బలం వచ్చింది.

ఆ బలం అవసరమే అయింది. పిండి నీళ్ళు తాగేస్తోంది. పోస్తే జారు, మైదా వేస్తే బీటలు. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ మైదా. గిన్నె చాలక బేసిన్‌లోకి మారింది, బేసిన్ చాలక బట్టలు నానబెట్టే టబ్బులోకి మారింది. పెద్దపిల్ల కొలతలు పెట్టి ఆకులు కోస్తే, చిన్నది తన ఆకులకు కళ్ళూ మూతులూ పెట్టింది. బల్ల నిండింది, ఇస్త్రీ బల్ల నిండింది, ముట్టుకోకూడదనుకున్న కుట్టుమిషను మీద కూడా ఆకులు పరుచుకున్నాయి. ముగ్గురి మొహాలకూ పిండే. ఇలా అయితే సాయంత్రం దాకా తెమలదని, టైలరమ్మ ఓవెన్ సెగ బాగా పెంచింది.

కాసేపటికి కింద ఇంటాయన ముక్కుకు వాసన తగిలింది. ఏ వంటకైనా ఓ పేరుంటుంది గానీ, ఇది కాలుతున్న తలుపు వాసన. ఆయన ముందు వడ్రంగికి ఫోన్ చేసి "మీ ఇల్లు అంటుకుందయ్యా!" అని అరిచి, తర్వాత బకెట్టు నింపుకుని మెట్లెక్కాడు.

దుకాణంలోంచి పరిగెత్తుకొచ్చిన వడ్రంగీ, ఆయనా ఒకేసారి గుమ్మంలోకొచ్చి పడ్డారు. పొగ తప్ప మంట లేదు. పెళ్ళాం పిల్లలు ముగ్గురూ తెల్లటి మొహాలతో నిక్షేపంగా ఉన్నారు. వడ్రంగికి ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో పళ్ళెంలో చల్లారిన బిస్కెట్టు లాంటిది తీసి కొరికాడు.

"అయ్యో, తినకండి!" అంది టైలరమ్మ.

"బాగుంది" అన్నాడాయన, కొత్త మొగుడు గనక. కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా ఇంకాస్త నమిలి, "ఇది... దేవదారు కదూ?" అన్నాడు.

"దేవదారేంటండీ?"

"నువ్వడిగిందేగా. చెక్క పొడి."

"నేనడిగింది దాల్చినచెక్కండీ!"

టైలరమ్మ స్టూలు మీద కూలబడింది. పొద్దుట్నించీ పిల్లల చేత రంపపు పొట్టు పిసికించిందన్నమాట. వాళ్ళకు దగ్గర కావాలని చేసిన ఒక్క పనీ ఇలా తగలడింది. ఏడుపు ముంచుకొచ్చింది. ఎవరికీ మొహం చూపించకుండా లేచి ఆకులన్నీ చెత్తబుట్టలోకి తోయబోయింది.

పెద్దపిల్ల పళ్ళెం లాక్కుంది. లాక్కుని తండ్రి మీద పడింది.

"నీకసలేమైనా తెలుసా నాన్నా? అమ్మ వంటింట్లోంచి చెక్క పొడి అడిగితే ఏ చెక్కో ఆ మాత్రం తెలీదా? పొద్దుట్నించీ అమ్మ ఎంత కష్టపడిందో..."

అక్కడ ఆగిపోయింది. తనన్న మాట తనకే వినబడి చెవులదాకా ఎర్రబడింది.

చిన్నది అక్క గౌను పట్టి లాగి, అందరికీ వినబడేంత రహస్యంగా అడిగింది. "అక్కా, అయితే నేనూ అనొచ్చా?"

"నీ ఇష్టం" అంది పెద్దపిల్ల, కిటికీలోంచి చూస్తూ.

"అమ్మా, నా ఆకులు పారెయ్యకే!"

"ఒక్కటీ పారెయ్యనమ్మా, ఒక్కటీ పారెయ్యను" అంటూ టైలరమ్మ ఇద్దర్నీ పిండి చేతులతోనే దగ్గరకు లాక్కుంది. పెద్దపిల్ల కాస్త బిగుసుకుంది గానీ వదిలించుకోలేదు. ఆవిడ ఏడుస్తూ నవ్వుతోంది, దాచుకోవాలనిపించలేదు.

ఇక కింద ఇంటాయన మోసుకొచ్చిన బకెట్టెడు నీళ్ళంటారా, అవీ వృథా పోలేదు. వడ్రంగి నోరు పుక్కిలించడానికి బొటాబొటిగా సరిపోయాయి.