మూడో సిలిండరు ముట్టడి

రేకుల కప్పు పెనంలా కాలుతున్న మిట్టమధ్యాహ్న వేళ, నల్లని గ్రీజే రత్నకంబళిగా, అరిగిన టైర్లే ప్రాకారాలుగా, వంగిన బంపర్లే తోరణాలుగా విరాజిల్లే ఒకానొక షెడ్డులో, సకలయంత్రసంహారదక్షుడూ, స్పానరాయుధపాణీ, తన బోర్డు మీద తానే ‘ఇంజన్ల డాక్టరు’ అని రాయించుకున్న మహావీరుడూ అయిన మెకానిక్కుకు, ఒకే ఒక్క సిలిండరుతో సంభవించిన ఘోరసంగ్రామాన్ని చెబుతాను, వినండి. వింటే ఖర్చు లేదు. వినకపోతే నష్టమూ లేదు.

ఈ డాక్టరుగారి బావ వ్యానులో బకెట్లూ చీపుళ్ళూ వేసుకుని వీధివీధీ తిరిగి అమ్ముతాడు. వ్యాను పాత ఇంజను కన్నుమూస్తే, డాక్టరు వేరొకటి తెచ్చి ఎక్కించాడు. అందరి ఆనందమూ తాళం తిప్పేదాకా నిలిచింది. తిప్పగానే బండి చలిజ్వరం వచ్చినట్టు వణికింది. నలుగురు మోయాల్సిన పల్లకీని ముగ్గురు మోస్తుంటే, నాలుగోవాడు దర్జాగా అందులోనే ఎక్కి కూర్చున్నట్టుంది దాని నడక.

“ఏరా డాక్టరూ!” అని గర్జించాడు బావ. “రేపు సరుకేసుకుని వంతెన ఎక్కాలి నేను. ఈ మూలుగుతో ఇది నీ గుమ్మమే దాటదు. పొద్దుగుంకేలోపు సరిచేశావా సరే. లేదంటే ఎదురు షెడ్డువాడి దగ్గరికి తోసుకుపోతా. పోతూపోతూ నీ బోర్డు పీకి మరీ పోతా.”

ఎదురు షెడ్డు మాట వినగానే వీరుడి మీసం వణికింది. స్పానరు ఆకాశానికెత్తి ప్రతిజ్ఞ చేశాడు: “బావా! ఈ చేతికి లొంగని బోల్టు పుట్టలేదు, పుట్టబోదు! ఈ బండి వాడి గడప తొక్కిన నాడు ఆ బోర్డు నేనే దించి, నీ వెనకాల చీపుళ్ళమ్ముకుంటా!”

“చీపుళ్ళమ్మడానికీ బుర్ర కావాల్రా,” అన్నాడు బావ.

యుద్ధం మొదలైంది. డాక్టరు అక్క డ్రైవరు సీట్లో కూర్చుని, తమ్ముడు తొక్కమంటే తొక్కుతూ, వదలమంటే వదులుతూ ఉంది. వీరుడు ఒక్కొక్క ప్లగ్గు వైరే పీకి చూశాడు. మొదటిది పీకితే ఇంజను దగ్గింది. రెండోది, నాలుగోది పీకినా దగ్గింది. మూడోది పీకినా, పెట్టినా ఒకటే కూత.

“దొరికాడు దొంగ!” అని మూడో ప్లగ్గును రెండో సిలిండర్లో, రెండోదాన్ని మూడో సిలిండర్లో బిగించాడు. రెండోది హాయిగా పనిచేసింది, మూడోది చలించలేదు. వైరు మార్చాడు. ప్లగ్గుకు నిప్పురవ్వనిచ్చే కాయిలు మార్చాడు. ఖాళీ చేయమంటే చెవిటివాడైపోయే అద్దెదారులా, దొంగ మూడో గది వదల్లేదు. చివరికి ప్లగ్గు రంధ్రాల్లో ఒత్తిడి చూసే గేజి అనే బ్రహ్మాస్త్రం బిగించాడు. మిగతా మూడు గదుల్లో ముల్లు సిపాయిలా లేచి నిలబడింది. మూడో గదిలో మాత్రం పడుకుంది. డాక్టరు ముఖం ఆముదం తాగినట్టయింది.

“పిస్టనే పోయింది బావా. అమ్మినవాడు ముంచేశాడు. ఇంజను మళ్ళీ దించాలి.”

తన చేతి తప్పును ఊళ్ళోవాళ్ళ ఖాతాలో రాయడంలో మాత్రం ఆయన నిజంగా డాక్టరే.

బావ బోర్డు కిందికి స్టూలు లాక్కుని దానిమీదికి ఎక్కాడు.

అప్పుడు అక్క, సీట్లోంచే, గోడవార తీగ మీద ఆరేసిన మసిగుడ్డలకేసి చూస్తూ అంది: “ఒరేయ్, ఇంజనెక్కించేటప్పుడు గాలి లోపలికి పోయే రంధ్రాల్లో నట్లు పడతాయి, గుడ్డలు కుక్కుతానన్నావు కదా. నాలుగు రంధ్రాలకి నాలుగు ముక్కలు చింపిచ్చాను. అక్కడ మూడే ఉన్నాయేం?”

 వీరుడు గాలి గొట్టం బోల్టులు విప్పి, పక్కకు లాగి, మూడో బిలంలోకి పట్టకారు దూర్చి, శత్రువు ప్రేగులు లాగినట్టు లాగాడు. వచ్చింది: నీలం గళ్ళ గుడ్డ. కాలరుతో, గుండీతో సహా.

స్టూలు మీద బావ కెవ్వుమన్నాడు. “నా చొక్కా! ఇది పారేశాడని ఇస్త్రీవాడితో తగువు పెట్టుకున్నాను కదే!”

“పొట్ట దగ్గర గుండీ పట్టక ఏడాదైంది,” అంది అక్క. “ఇంజనుకైనా సరిపోయింది, సంతోషించండి. ముందు కిందికి దిగండి.”

గొట్టం బిగించి తాళం తిప్పారు. మూలుగు లేదు, వణుకు లేదు. గాలి అందగానే నాలుగు సిలిండర్లూ ఒక్కగొంతుతో పలికాయి. “చూశావా బావా, పట్టేశాను!” అని తొడగొట్టాడు డాక్టరు. చొక్కా కథ ఎదురు షెడ్డుకు పాకితే వీధంతా అమ్ముడుపోతుందని లెక్కేసుకున్న బావ, స్టూలు దిగి నోరు మూసుకున్నాడు.

ఈ విధంగా, తాను కుక్కిన గుడ్డను తానే పీకి, దిగంతవిశ్రాంతకీర్తియై, ఆ మహావీరుడు మూడో సిలిండరును జయించాడు! బోర్డు ఉన్నచోటే ఉంది. వంతెన రేపటికి సిద్ధంగా ఉంది. లాభం అంటారా, బయల్దేరిన చోటికే చేరడం. నష్టం ఒక చొక్కా.

కాలరు ముక్క తీగ మీద జయపతాకమై ఎగిరింది. అక్క మాత్రం గుడ్డలు నాలుగూ ఉన్నాయో లేదో ఒకసారి వేలితో లెక్కపెట్టుకుని, అప్పుడు బండి దిగింది.