వాడిన తుపాకీకి న్యాయమైన ధర

ఈ దేశంలో ప్రతి వస్తువుకీ ఒక ధర ఉంటుంది. వాడిన తుపాకీకి మాత్రం ఒక విధానం ఉంటుంది. ధర కావాలనుకున్నవాడు ముందు విధానంలోకి దిగాలి. పైకి తేలేసరికి ధర దొరికినా దొరక్కపోయినా ఆధార్ కాపీలు మాత్రం పదహారు ఖర్చవుతాయి. ఈ లెక్క నేను ఊహించి చెప్పడం లేదు. కాశీబుగ్గ బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపు నాదే. అర్జీలు కూడా రాస్తాను. (రాసినందుకు ముప్పై రూపాయలు. ఆలోచించినందుకు ఏమీ తీసుకోను.)

తుపాకీ లోకనాథానిది. మందసకీ సముద్రానికీ మధ్య, ఉద్దానంలో ఒక చిన్న ఊరు ఆయనది. రెండు గొట్టాల తుపాకీ అది, తండ్రి అప్పన్న జీడితోట కాపలాకని లైసెన్సు మీద కొన్నాడు. తోటలోకి ఎలుగుబంటి వచ్చినప్పుడు ఆకాశంలోకి ఒకటి పేల్చడం దాని ఉద్యోగం. ఎలుగుబంటిని కాల్చడానికి చట్టం ఒప్పుకోదు. ఆ సంగతి ఎలుగుబంటికి తెలియదు కాబట్టి చప్పుడుకే పారిపోయేది. ఇన్నేళ్లలో ఆ తుపాకీ కాల్చిందల్లా ఆకాశాన్నే. గురి ఒక్కసారి కూడా తప్పలేదు.

తిత్లీ తుఫానుకి లోకనాథం తోట మొదలంటా పడిపోయింది. కాపలా కాయడానికి ఏమీ లేనివాడికి తుపాకీ ఎందుకు? అదే ఊళ్లో ఆయన చెల్లెలు భారతి, ఆమె భర్త ఢిల్లేశ్వరరావు ఉంటారు. వాళ్ల మూడెకరాల జీడితోట నిలబడింది. అందులోకి ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని ఒక ఎలుగు దిగుతోంది. ఢిల్లేశ్వరరావుకి తిరగ్గా తిరగ్గా తుపాకీ లైసెన్సు కూడా వచ్చింది. అమ్మేవాడున్నాడు, కొనేవాడున్నాడు, ఎలుగుబంటి ఉంది. లేనిది ధర ఒక్కటే.

ఇక్కడ మా వాళ్ల గురించి ఒక మాట చెప్పాలి. పలాస వ్యాపారి దగ్గర జీడిపిక్కల బస్తా మీద పది రూపాయల కోసం గంటసేపు గొంతు చించుకునే మనిషి, అయినవాళ్ల దగ్గర ధర అన్నది నోటితో పలకడు. పలికితే పరువు తక్కువ. మా పక్కింటాయన ట్రాక్టరు ట్రక్కు ఇలాగే అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య ఆరేళ్లు ఎండకి ఎండి వానకి తడిసి, చివరికి పాత ఇనుము కింద పోయింది. (ఆ పాత ఇనుము కొన్నవాడు పరాయివాడు కాబట్టి బేరం రెండు నిమిషాల్లో అయిపోయింది.)

లోకనాథం అరుగు మీద ఆ రోజు నేనూ ఉన్నాను.

"ఎంతకిత్తావు బావా?" అన్నాడు ఢిల్లేశ్వరరావు.

"నీ దగ్గర నాను డబ్బులు సూసుకుంతానేటి బావా? నీకు తోసింది ఇయ్యి."

"అలగ అనీకు. నీ నోటితో ఓ మాట సెప్పు."

"నాను సెప్తే ఎక్కువైపోద్దేమో. నువ్వే సెప్పు."

"నాను సెప్తే తక్కువైపోద్దేమో."

టీ గ్లాసులు తెచ్చిన భారతి వాటిని ఠక్కున కింద పెట్టింది. "మీ మొగమాటం మండిపోను! తెల్లారీసరికి తోటలోకెల్లి పిక్కలేరుతున్నది నాను. ఎలుగొచ్చిందంటే మీ మొగమాటం అడ్డమెట్టుకోనా?"

ఇద్దరూ సిగ్గుపడ్డారు. సిగ్గుపడి, తమలో ఎవరూ నోరు తెరవక్కర్లేని ఉపాయం ఒకటి కనిపెట్టారు. ధర గవర్నమెంటు చేతే చెప్పిద్దామన్నారు. నా వైపు చూశారు. నేను జేబులోంచి పెన్ను తీశాను.

"సదరు తుపాకీకి న్యాయమైన ధర నిర్ణయించి ఇప్పించవలసినదిగా ప్రార్థన" అని రాశాను. న్యాయమైన అన్న మాట వాళ్లు అనలేదు, అర్జీకి నిండుగా ఉంటుందని నేనే వేశాను. తర్వాత ఆ మాటకి నన్ను నేను తిట్టుకోని రోజు లేదు. వట్టి ధర అడిగి ఉంటే ఆఫీసువాళ్లు మాకు సంబంధం లేదు పొమ్మనేవారు. న్యాయం అడిగేసరికి కమిటీ వేశారు.

అలా నాలుగు నెలలకి టెక్కలిలో "వాడిన ఆయుధముల న్యాయధర నిర్ధారణ ఉపసంఘం" వెలిసింది. అధ్యక్షుడు పోలారావు గారు. తుఫాను నష్టాల అంచనాలో ముప్పై ఏళ్లు చెట్లు లెక్కపెట్టి రిటైరైన పెద్దమనిషి. పడిపోయిన కొబ్బరిచెట్టుని జీపులోంచి దిగకుండా వెల కట్టగలడు. ట్యాబు పట్టుకుని వివరాలు ఎక్కించడానికి హిమజ అనే అమ్మాయిని ఇచ్చారు. మూడో సభ్యుడి పోస్టు ఖాళీ. (ఆయన సంతకం లేనిదే ఏ నిర్ణయమూ చెల్లదు.)

మొదటి సమావేశంలోనే చిక్కొచ్చింది. ట్యాబులో ఉన్నది తుఫాను నష్టాల యాప్. యాప్‌లో ఆస్తి రకం అన్న చోట నాలుగే ఉన్నాయి: ఇల్లు, పశువు, పడవ, చెట్టు.

"తుపాకీ లేదు సార్ ఇందులో," అంది హిమజ.

"ఇతరములు అని ఉంటుంది చూడమ్మా."

"అది నొక్కితే యాప్ మూసుకుపోతంది సార్."

పోలారావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుపాకీలో ఎవరూ కాపురం ఉండరు కాబట్టి ఇల్లు కాదు. గడ్డి తినదు కాబట్టి పశువు కాదు. పడవ సంగతి నీట్లో వేసి చూస్తే గానీ చెప్పలేమన్నారు. చివరికి లోకనాథం వైపు తిరిగి, "మడమ దేంతో చేశారయ్యా?" అని అడిగారు.

"టేకు కర్ర బాబూ."

"మరింకేం, చెట్టు," అన్నారు పోలారావు గారు. ఆయన ముఖంలో వెలుగొచ్చింది. చెట్లయితే ఆయనకి కొట్టిన పిండి.

"ఏటా కాపు ఎంత?"

"కాపేటి బాబూ?"

"అదేనయ్యా, ఏడాదికి ఎన్ని పేలుస్తావు?"

"మూడో నాలుగో."

"మూడున్నర రాయమ్మా. దిగుబడి తక్కువ."

తర్వాత ఫొటో కావాలన్నారు. తుపాకీ పోలీస్ స్టేషన్లో ఉంది. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలి, అయ్యాక తెచ్చుకోవాలి. తెచ్చుకునేలోగా ఇంకో ఎన్నిక రాదా అని లోకనాథం అక్కడే వదిలేశాడు. వస్తూనే ఉన్నాయి కూడా. మేం వెళ్లిన రోజు ఆ గది తాళం చెవి ఎవరో మంత్రి గారి బందోబస్తుకి వెళ్లింది, అంటే చెవి జేబులో ఉన్న హెడ్ కానిస్టేబులు గారు వెళ్లారు. హిమజ కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెట్టి ఫొటో తీసింది. తుపాకీ గోడకి ఆనించి ఉంది.

పోలారావు గారు ఫొటోని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఒరిగిన చెట్టు. సగం రేటు."

"ఒరగనేదు బాబూ, ఆనించినారు," అన్నాడు లోకనాథం.

"ఆనించినా ఒరిగినా వాలు ఒకటేనయ్యా."

సగమైతే సగం, అంకె అంటూ పడుతుంది కదా అని మేం సంతోషించాం. అది తొందరపాటు. రెండు నెలలకి లోకనాథానికి నోటీసు వచ్చింది. ఫొటో ఎక్కడ తీశారో యాప్ తనంతట తనే కనిపెట్టిందట. సదరు చెట్టు పోలీస్ స్టేషన్ ఆవరణలో, అనగా ప్రభుత్వ స్థలంలో ఉన్నట్లు తేలినందున, ప్రభుత్వ చెట్టును సొంతమని అమ్మజూపినందుకు ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను.

సంజాయిషీ నేనే రాశాను. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, నా జీవితంలో అంత మంచి అర్జీ రాయలేదు. సదరు చెట్టు తుపాకీ అనియు, దానికి వేళ్లు లేవనియు, నాటినది కాక అప్పగించినది అనియు మూడు పేజీలు నడిపించాను. జవాబు త్వరగానే వచ్చింది. వేళ్లు లేనట్లు ధ్రువపత్రం జతచేయమన్నారు.

ఈలోగా ఒక జీడి సీజను దాటి ఇంకోటి వచ్చింది. ఢిల్లేశ్వరరావు పోలారావు గారి దగ్గర మొరపెట్టుకుంటే కమిటీ మధ్యంతర ఉపశమనం ప్రసాదించింది. ధర తేలేవరకు తుపాకీ చప్పుడును ఫోనులో వాడుకోవచ్చునట. మనిషి పాపం నమ్మకంగా బ్లూటూత్ స్పీకరు కొన్నాడు. మొదటి వారం ఎలుగు పారిపోయింది. రెండో వారం నిలబడి విన్నది. మూడో వారం నుంచి చప్పుడైతే చాలు పిల్లల్ని తీసుకుని వచ్చేసేది. చప్పుడున్న చోట జీడిపళ్లు బాగా ముగ్గి ఉంటాయని దానికి అర్థమైపోయింది.

నేను ఉండబట్టలేక అన్నాను. "ఎవరో ఒకరు ఒక అంకె అనేయండర్రా. కమిటీ లేదు, ఏమీ లేదు."

"ఎలగ బాబూ?" అన్నాడు లోకనాథం. "పెద్దాయన అంత కట్టపడతన్నాడు. ఇప్పుడు మనం మనం అనీసుకుంతే పోలారావు గారు ఏటనుకుంతారు?"

అప్పటికి వాళ్లకి కమిటీ కూడా అయినవాళ్లలో చేరిపోయింది.

ఏప్రిల్ మొదటి వారంలో ఒక ఉదయం భారతికి జ్వరంగా ఉండి, పిక్కలేరడానికి ఢిల్లేశ్వరరావు ఒక్కడే వెళ్లాడు. స్పీకరులో ఛార్జింగ్ లేదు, అయినా ఎలుగు పిలవకుండానే వచ్చింది. ఆయన కుడిచెయ్యి నోట పట్టుకుంది. పక్క తోటల వాళ్లు డబ్బాలు మోగించుకుంటూ పరుగెత్తుకొచ్చారు కాబట్టి మనిషి మిగిలాడు. నూట ఎనిమిదిలో పలాస తెచ్చారు. చెయ్యి నిలిచింది గానీ చూపుడువేలూ దాని పక్కదీ పోయాయి. ఆ కబురు విన్నప్పుడు నేను ఎవరి ఆధార్ కార్డో జిరాక్సు తీస్తున్నాను. కళ్లలో నీళ్లు తిరిగి రెండు కాపీలు పాడుచేశాను.

మూడో రోజు భారతి షాపుకి వచ్చింది. చేతిలో ఒక్కటే కాగితం. "రెండు కాపీలు తియ్యి బాబూ," అంది.

అడవి జంతువు దాడికి పరిహారం పట్టిక అది. ఒకే పేజీ. ప్రాణం పోతే ఇంత. చెయ్యి పోతే ఇంత. వేలు పోతే ఇంత, ఏ వేలికి ఎంతో విడిగా. కమిటీ లేదు. ఆస్తి రకం ఎంచుకోమని ఎక్కడా అడగలేదు. ఎవరూ వచ్చి ఒరిగాడా కూలాడా అని చూడలేదు. తొమ్మిదో రోజున డబ్బు ఖాతాలో పడింది. అంత చక్కగా నడిచిన కాగితాన్ని నేను నా సర్వీసులో చూడలేదు.

ఆ రోజు ఆస్పత్రికి వెళ్లాను. మంచం పక్కన లోకనాథం తల దించుకుని కూర్చున్నాడు. భారతి ఆ పట్టిక తీసి ఇద్దరి మధ్యా దుప్పటి మీద పరిచింది.

"సూడండి. రెండేళ్లు ఒక్క అంకె మీ నోటంట రానేదు. ఈ కాయితం సూడండి, దీనికి మొగమాటం ఉందేటి? నా మొగుడి ఏలు ఎంతో నాను పుట్టకముందే అచ్చేసి ఎట్టీసినట్టున్నారు."

ఢిల్లేశ్వరరావే ముందు నోరు తెరిచాడు.

"బావా, ఇప్పుడు నా కాడ డబ్బులున్నాయి. తుపాకీ ఎంతకిత్తావు?"

లోకనాథం కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. "ఊరికే తీసుకో బావా. నీ కన్నా ఎక్కువేటి నాకు?"

"ఊరికే ఎలగ తీసుకుంతాను? ఎంతో సెప్పు."

"నువ్వే సెప్పు బావా."

భారతి లేచి బయటికి వెళ్లిపోయింది.

ఆ మర్నాడే ఉపసంఘం తుది ఉత్తర్వు వచ్చింది. (మూడో సభ్యుడి పోస్టు ఎప్పుడు నిండిందో మాకు తెలియదు.) సదరు గ్రామంలో ఎలుగుబంటి దాడి జరిగినందున తుపాకీకి గిరాకీ పెరిగినట్లు భావించి, ఒరిగిన చెట్టు రేటు నుంచి నిలువు చెట్టు రేటుకు ధర పెంచడమైనదని, కొనుగోలుదారు నెలలోగా సొమ్ము చెల్లించి, తన కుడి చూపుడువేలు సక్రమంగా పనిచేస్తున్నట్లు వైద్య ధ్రువపత్రం సమర్పించి తుపాకీ పొందవచ్చునని అందులో ఉంది.

దానికి అర్జీ రాయమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆ పరిహారం పట్టిక మాత్రం పాతిక కాపీలు తీసి కౌంటరు మీద పెట్టుకున్నాను. జీడి సీజను ఇంకా నెల ఉంది.