కారు లేని ఇంట్లో ఇన్సూరెన్సు తగ్గింపు

నవ్వనని ఒట్టేస్తేనే చెబుతాను. నాకు కారు లేదు. కారు ఇన్సూరెన్సులో సగం తగ్గింపు మాత్రం ఉంది. ప్రొద్దుటూరులో ఇట్లాంటి ఆస్తి నాకొక్కడికే. అందుకే బట్టల బజారులో నన్ను కాశీవిశ్వనాథం అనరు, ‘నోక్లెయిమ్ విశ్వనాథం’ అంటారు.

కారున్న ఐదేళ్లలో ఒక్కసారి కూడా కంపెనీని పైసా అడగలేదు. అడిగితే ఆ తగ్గింపు పోతుంది. కారుకు గీత పడుతుందని జమ్మలమడుగు పెళ్లికీ, పులివెందులలో షడ్డకుడి గృహప్రవేశానికీ బస్సులోనే పోయాం. చివరికి షెడ్డులోనే ఎలుకలు వైర్లన్నీ కొరికేశాయి. అప్పుడూ అడగలేదు. కారునే అమ్మేశాను.

మూడేళ్లలోపు ఇంకో కారు కొంటే ఆ తగ్గింపు దానికి వస్తుందని కంపెనీవాళ్లు లెటరిచ్చారు. లామినేషన్ చేయించి, పెళ్లి ఫోటో పక్కన తగిలించాను.

ఈ శుక్రవారంతో గడువు తీరుతుందని తెలిసేసరికి గుండెల్లో రాయి పడింది. కారు కొనే దుడ్లు నా దగ్గర లేవు. నా భార్య భాగ్యలక్ష్మి దగ్గరున్నాయి. వల్లూరులో వాళ్లమ్మ ఇచ్చిన స్థలం అమ్మింది. దుడ్లు ఆమెవి, పేరు నాది, ఇదీ నా పథకం.

"భాగ్యా, చేతికొచ్చిన తగ్గింపు పోతాండాదే. కారు కొందాం."

"పదివేలు మిగిలేదానికి పది లక్షలు పెట్టల్లనా?"

"దుడ్లు కాదే, మర్యాద! ఐదేండ్లు మచ్చ లేని మనిషినని రాసిచ్చినారు."

"కారు బయటికి తీస్తే గదా మచ్చ పడేది!"

మర్నాడు మాత్రం "సరే, పదండి" అంది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

షోరూములో ఫిర్దోస్ అనే అమ్మాయి ఫారం తీసింది. భాగ్యలక్ష్మి "నా పేరు రాయి పాపా" అంది.

"నీ పేరేంది? తగ్గింపు నాది గదా!"

"దుడ్లు నావి గదా! మొగుని తగ్గింపు పెండ్లానికి రాదా?"

"రాదు మేడం" అంది ఫిర్దోస్. నా ఛాతీ పొంగింది. "ఒక్క సందర్భంలో మాత్రం వస్తాది."

"ఎప్పుడు?" అంది భాగ్యలక్ష్మి.

ఆ పిల్ల నావైపు చూసి గొంతు తగ్గించింది. "సార్ పోతే."

"యాడికి?" అన్నాను నేను.

ఆ పిల్ల పైకి చూసింది. అంత ఏసీలోనూ నాకు చెమట పట్టింది.

భాగ్యలక్ష్మి నన్ను కిందినుంచి పైదాకా చూసి, "శుక్రవారం లోపలేనా పాపా?" అని అడిగింది.

అంతలో ఆమె భోరుమంది. "వద్దు పాపా! మా ఆయన సల్లగుంటే సాలు. ఆ తగ్గింపు నాకెందుకు? మొత్తం కట్టించుకో!"

షోరూమంతా చప్పట్లు. మేనేజరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అట్లాంటప్పుడు "నా పేరు మీద రాయండి" అని ఏ మొగుడంటాడు? కళ్లు ఒత్తుకుంటూ నా పెన్నే ఇచ్చాను, సంతకం పెట్టింది.

ఫిర్దోస్ టీ తెచ్చిస్తూ, "మొన్న మేడం ఒక్కరే వచ్చినప్పుడు ఈ రూలు విని పడీపడీ నవ్వినారు సార్. ఈరోజు ఏడ్చినారు, పాపం" అంది.

టీ కప్పు అట్లే బల్ల మీద పెట్టేశాను.

కారు ముందుకొచ్చింది. డ్రైవర్ని పిలుద్దామంటే, భాగ్యలక్ష్మి సంచిలోంచి లైసెన్సు తీసింది.

"ఎప్పుడు నేర్చుకున్యావే?"

"అఫ్సానా దగ్గర కుట్టు నేర్చుకుంటాండానని ఆర్నెల్లు పోయింది యాడికనుకున్యారు? ఎక్కండి."

ఇంటి గేటు దగ్గర కర్రుమంది. ఎడమ తలుపు మీద జానెడు గీత. నా ప్రాణం పోయినంత పనైంది.

"ఏడవద్దండీ. క్లెయిమ్ చేద్దాం. ఇన్సూరెన్సు కట్టింది దేనికి?" అంది నిమ్మళంగా.

శుక్రవారం కారుకు పూజ. పెళ్లి ఫోటో పక్కన చూస్తే మేకు ఒక్కటే ఉంది. వంటింట్లోకి పరిగెత్తాను. నా లెటరుకు నూనె రాసి, దానిమీద పూర్ణం పెట్టి ఓళిగలు తడుతోంది.

"అరిటాకైతే చిరుగుతాది. ఇది శానా బాగుండాదండీ!"

"దానికింకా సాయంత్రందాకా గడువుందే!" అనబోయాను. వేడి ఓళిగ నోట్లో కుక్కింది.

బాగుంది. ఇంకో రెండు అడిగి తిన్నాను.