గూడు కట్టని కోకిలమ్మకు మొదటి ర్యాంకు

ఒక పెద్ద అడవిలో చదువులు ముదిరిపోయి, ఏ పిట్ట ఏ కాలేజీలో చేరాలో నక్క చెప్పే రోజులు వచ్చాయి.

ఆ అడవిలో జీలుగు అనే కుర్ర గిజిగాడు ఉండేవాడు. వాడికి ఆ ఏడు పెళ్లీడు వచ్చింది. గిజిగాళ్లలో సంబంధం కుదరాలంటే జాతకాలు చూడరు. మగపిట్ట సగం గూడు అల్లి పెడితే, ఆడపిట్ట వచ్చి అందులో కూర్చుని ముక్కుతో నాలుగు పోచలు లాగి చూస్తుంది. నిలిస్తే కాపురానికి వస్తుంది, ఊడితే ఎగిరిపోతుంది. జీలుగుకు కొర్ర అనే ఆడపిట్ట మీద మనసు. ఆ పిల్లకూ వీడంటే ఇష్టమే.

"వానలు ముదిరేలోగా వస్తా. ముందు గూడు చూపించు, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం" అంది కొర్ర.

జీలుగు సరేనన్నాడు కానీ, వాడికి ముడి వెయ్యడం కూడా రాదు.

నేర్పడానికి మేనమామ ఉన్నాడు. దిగుడుబావి మీదికి వంగిన తుమ్మకొమ్మ మీద పోచయ్య మామ బడి. గోడల్లేవు, బోర్డు లేదు. పొద్దున్నే నోటికి గడ్డిపోచ అందించి "ముడి వెయ్యి" అంటాడు. ఊడితే "మళ్లీ వెయ్యి" అంటాడు. సిలబస్ అంతే.

కానీ జీలుగు ఈ కాలం పిల్లవాడు. ర్యాంకుల పట్టిక చూడకుండా పురుగును కూడా మింగడు.

ఆ పట్టిక తయారుచేసేది నక్క. నక్క ఏనాడూ చెట్టెక్కలేదు, గూట్లో పడుకోలేదు. కాబట్టి పక్షపాతం ఉండదని సింహం దానికే ఆ పని అప్పగించింది. నక్క కాగితం పట్టుకుని కాలేజీలన్నీ తిరిగి అందరినీ ఒకే ప్రశ్న అడిగింది. "మీ దగ్గర చదివినవాళ్లలో నూటికి ఎందరు గూట్లో స్థిరపడ్డారు?"

పోచయ్య మామ తల గోక్కున్నాడు. "అరవై మంది ఉంటారండీ."

"మిగతావాళ్లు?"

"ఆడపిట్టలకు నచ్చలేదు బాబూ. విప్పేసి మళ్లీ అల్లుకుంటున్నారు."

"నలభై మంది ఫెయిలు" అని రాసుకుంది నక్క. పోచయ్య బడికి డెబ్భై ఒకటో ర్యాంకు వచ్చింది. అడవిలో ఉన్నవే డెబ్భై ఒక్క బళ్లు.

తర్వాత నక్క మామిడితోపులో కోకిలమ్మ కాలేజీకి వెళ్లింది. అక్కడ వాకిట్లో కూర్చుని ఆవిడ భర్త కాలేజీ ప్రకటనను రాగం తీసి పాడుతున్నాడు.

"నూటికి నూరు" అంది కోకిలమ్మ. "మా పిల్లలకు గుడ్డులో ఉండగానే ప్లేస్‌మెంట్ అయిపోతుంది. అన్నీ కాకుల గూళ్లలోనే. తిండీ తిప్పలూ వాళ్లే చూసుకుంటారు."

నక్క నోట్లో నీళ్లూరాయి. తన గుడ్డుకు చోటు చెయ్యడానికి కోకిలమ్మ కాకి గుడ్డును కిందికి తోస్తుంది. చెట్టు కింద నోరు తెరుచుకుని ఎవరు నిలబడి ఉంటారో నేను చెప్పాలా? ఇంతకీ గూడు కట్టిందెవరు అనే గడి నక్క కాగితంలో లేనే లేదు. కోకిలమ్మ కాలేజీ నంబర్ వన్ అయి కూర్చుంది.

జీలుగు మామకు చెప్పి పోదామని వచ్చాడు.

"ఒరే, కోకిల పుల్ల ముట్టుకోగా నువ్వెప్పుడైనా చూశావట్రా?" అన్నాడు పోచయ్య.

"మామా, కోపం తెచ్చుకోకు. నీది డెబ్భై ఒకటో ర్యాంకు."

పోచయ్య తన పోచలు సర్దుకున్నాడు. అంకె చెప్పినవాడితో ఎవరు మాత్రం వాదిస్తారు?

కోకిలమ్మ కాలేజీ కిటకిటలాడుతోంది. గువ్వలు, గోరింకలు, ముఖ్యంగా కాకిపిల్లలు. "మా తాతలూ తండ్రులూ పుల్లలు మోసి మోసి చచ్చారు. మావాడికి ఆ ఖర్మ పట్టకూడదు" అని కాకులు తమ పిల్లల్ని వరసగా తెచ్చి చేర్చాయి. తమ గూళ్లలో పెరిగింది ఎవరి పిల్లలో వాటికి ఈనాటికీ తెలియదు, పాపం.

అక్కడ గూటి చరిత్ర చెప్పారు. గూటి మీద పాటలు నేర్పారు. ఇతరుల గూట్లో మర్యాదగా మసలుకోవడం ఎలాగో నెల రోజులు చెప్పారు. ఒకరోజు జీలుగు ఉండబట్టలేక లేచాడు.

"మేడమ్, ముడి ఎప్పుడు నేర్పుతారు?"

క్లాసంతా నవ్వింది. కోకిలమ్మ జాలిగా చూసింది. "గడ్డి ముట్టుకునే స్థాయి మనది కాదు నాయనా. డెబ్భై ఒకటో ర్యాంకు వాళ్లు ముట్టుకుంటారు."

జీలుగు సిగ్గుపడి కూర్చున్నాడు. కూర్చున్నాక కాస్త గర్వంగా కూడా అనిపించింది.

చదువు అయిపోయింది. మోదుగాకు మీద నక్క పంజా ముద్రతో సర్టిఫికెట్ ఇచ్చారు. అది పట్టుకుని జీలుగు ఈతకొమ్మ మీద ఎదురుచూస్తుంటే, చెప్పిన మాట ప్రకారం కొర్ర వచ్చి వాలింది.

"గూడేది?"

జీలుగు ఆకు చాచాడు. "నంబర్ వన్ కాలేజీ!"

కొర్ర ఆడపిట్ట చెయ్యవలసిన పనే చేసింది. ఆ ఆకు మీద కూర్చుని, ముక్కుతో ఒక్క లాగు లాగింది. ఆకు నిలువునా చిరిగింది.

"ఇందులో నా గుడ్డు నిలుస్తుందా జీలుగూ?" అంది. ఆ గొంతులో కోపం లేదు. అదే వాడికి ఎక్కువ బాధ కలిగించింది. కొర్ర ఎగిరిపోయింది.

అటు కోకిలమ్మకూ గుడ్డు పెట్టే వేళ దగ్గరపడింది. ఆవిడ చెట్టు చెట్టుకూ ఎగిరింది. ఎక్కడా ఒక్క కాకిగూడు లేదు. కాకులన్నీ కొమ్మల మీద బిక్కమొహాలు వేసుకుని కూర్చున్నాయి.

"మీ గూళ్లేవర్రా?" అని అరిచింది.

"మేమూ మీ స్టూడెంట్లమే కదా మేడమ్" అంది ఒక కాకి వినయంగా. "ఎవరైనా కడతారేమోనని చూస్తున్నాం."

నొప్పులు ఆపుకోలేక కోకిలమ్మ చెట్టు కిందే, గడ్డిలో గుడ్డు పెట్టింది. అలవాటు ప్రకారం నక్క అక్కడే ఉంది. ఎవరి గుడ్డని అడగలేదు, గుటుక్కుమనిపించింది. మూతి తుడుచుకుని కాగితం తీసి, 'కోకిలమ్మ కాలేజీ: ఈ ఏడు కూడా నూటికి నూరు, అందరూ స్థిరపడ్డారు' అని రాసుకుంది. ఈసారీ ర్యాంకు మారలేదు.

జడివాన మొదలైంది. నిలువునా తడిసిన జీలుగు తుమ్మకొమ్మ చేరేసరికి, బావి మీద గూళ్లు గాలికి ఊగుతున్నాయి. ఒక గూట్లోంచి కొర్ర తల బయటపెట్టి, వాణ్ని చూసి లోపలికి తీసుకుంది.

"ఆ గూడు ఎవరిది మామా?"

"మన బడిలో అందరికంటే మొద్దు వాడిదిరా. వాడి గూళ్లు మూడు వద్దన్నారు. మూడూ విప్పి మళ్లీ అల్లాడు. నాలుగోది నిలిచింది."

జీలుగు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ ఏటికి అయిపోయింది. మళ్లీ ఆడపిట్టలు వచ్చేది వచ్చే ఏడే. పోచయ్య ఒక పచ్చి గడ్డిపోచ తెంపి మేనల్లుడి నోటికి అందించాడు.

"ముడి వెయ్యి" అన్నాడు.

నీతి: మొదటి ర్యాంకు కాలేజీలో నిశ్చింతగా చేరవచ్చు, అందులో చేరకుండా గూడు కట్టేవాడు అడవిలో ఒక్కడైనా మిగిలి ఉన్నంతకాలం.